రామ్, డిస్కస్, అపిస్టో: తెచ్చిన నెలకి బాగుండే చేపలు ఏడాదికి ఎందుకు మిగలవు?

ఇంటి అక్వేరియంలో రామ్ చేపల్ని కొన్నాళ్ళు పెంచి ఇక మన వల్ల కాదని వదిలేసినవాళ్ళని కదిపితే దాదాపు ఒకే కథ వస్తుంది. మొదటి రెండు నెలలు రంగులు మెరిసిపోతుంటాయి, మేత వేస్తే ఎగబడి వస్తాయి, వీటి గురించి అందరూ ఎందుకంత భయపెట్టారా అనిపిస్తుంది. ఆ తర్వాత ఒకరోజు ఒక చేప మూలకి చేరుతుంది. మేత నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. ఒళ్ళు నల్లబడుతుంది. వారం తిరక్కుండా పోతుంది. నీళ్ళు టెస్ట్ చేస్తే అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, పీహెచ్ (నీళ్ళ పులుపుని చెప్పే అంకె) ఏడు. కిట్ ప్రకారం అన్నీ బాగున్నాయి, చేప మాత్రం లేదు. "ఆ జాతే అంత, వాటితో పెట్టుకోకూడదు" అని ఎవరో ఓదారుస్తారు, అక్కడితో కేసు క్లోజ్.

ఈ జవాబు నాకు నచ్చదు, దాంట్లో నేర్చుకోవడానికి ఏమీ లేదు కాబట్టి. ఇవన్నీ దక్షిణ అమెరికా నదుల నుంచి వచ్చిన సిక్లిడ్ కుటుంబం చేపలు. డిస్కస్ పదేళ్ళు బతకగల చేప, ఏంజెల్ కూడా అంతే. రామ్, అపిస్టోగ్రామా (పొట్టిగా అపిస్టో) లాంటి చిన్న సిక్లిడ్లు రెండు మూడేళ్ళు, బాగా చూసుకుంటే ఇంకొంచెం ఎక్కువ ఉంటాయి. ఎనిమిదో నెలలో పోయిన రామ్ ఆయుష్షు తీరి పోలేదు. దాన్ని ఏదో కొద్దికొద్దిగా తినేసింది, అదేంటో మన టెస్ట్ కిట్ కొలవలేదు. ఆన్‌లైన్‌లో జరిగే చర్చలో ముప్పావు వంతు పీహెచ్ అనే ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది గానీ, నా లెక్కలో ఏళ్ళ తరబడి పెంపకానికి వచ్చేసరికి దాని స్థానం నాలుగోదో ఐదోదో. అంతకంటే ముందు చూడాల్సినవి వేడి, నీళ్ళలో పేరుకునే మురికి, మార్పు ఎంత వేగంగా జరుగుతోంది, పక్క చేపలు ఏం చేస్తున్నాయి అన్నవి.

ఇంతకీ ఈ చేపల సొంత నదుల్లో నీళ్ళు ఎలా ఉంటాయి

"అమెజాన్ నీళ్ళు" అని ఒకే రకం నీళ్ళు ఉండవు. జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ సియోలి ఆ నదుల్ని మూడు రకాలుగా విడదీశాడు, ఇప్పటికీ అందరూ వాడేది ఆ పద్ధతే. ఆండీస్ కొండల నుంచి ఒండ్రు మోసుకొచ్చే బురద రంగు నదులు తెల్లనీళ్ళు. వీటిలో ఖనిజాలు కాస్త ఉంటాయి, పీహెచ్ ఏడుకి దగ్గరగా ఉంటుంది. అమెజాన్ ఎగువ భాగమైన సోలిమోయెస్ ఈ రకం. రియో నెగ్రో లాంటివి నల్లనీళ్ళు. ఖనిజాలేవీ మిగలని ఇసుక నేలల మీదుగా వస్తూ, అడవిలో కుళ్ళిన ఆకుల రసం కలిసి డికాషన్ రంగులో ఉంటాయి, పీహెచ్ నాలుగు అయిదు మధ్య. తపజోస్, షింగు లాంటివి తేటనీళ్ళు. బ్రెజిల్‌లోని మనౌస్ నగరం దగ్గర నెగ్రో, సోలిమోయెస్ రెండూ కలిసేచోట నలుపు ఒక పక్క, బురద రంగు ఒక పక్క సుమారు ఆరు కిలోమీటర్ల దాకా కలవకుండా పక్కపక్కనే ప్రవహిస్తాయి. వాటి వేడి, వేగం, సాంద్రత అంత వేరు.

ఇప్పుడు చేపల్ని చూడండి. హెకెల్ డిస్కస్ నల్లనీళ్ళ చేప. ఆల్టమ్ ఏంజెల్ ఒరినోకో, ఎగువ రియో నెగ్రో ప్రాంతాలది. రామ్ సంగతి వేరు, దాన్ని చాలామంది దట్టమైన అడవి చేప అనుకుంటారు గానీ అది వెనెజులా, కొలంబియాల్లోని ల్యానోస్ గడ్డి మైదానాల చేప. ఎండ నేరుగా పడే లోతు తక్కువ నీళ్ళు, కాబట్టి వేడిగా ఉంటాయి. అపిస్టోల్లో కాకటూయిడెస్ పశ్చిమ అమెజాన్ వైపుది, కాస్త గట్టి నీళ్ళని, అంటే ఖనిజాలు ఎక్కువున్న నీళ్ళని కూడా ఓర్చుకుంటుంది. ఈ నాలుగింటికీ కలిపి "సౌత్ అమెరికన్ సెటప్" అని ఒకే ప్రిస్క్రిప్షన్ రాసేస్తే ఏదో ఒకదానికి అన్యాయం జరిగి తీరుతుంది.

రియో నెగ్రో నీళ్ళలో పీహెచ్ తక్కువ అన్నది అందరూ గుర్తుపెట్టుకునే విషయం. అసలు విశేషం మాత్రం ఆ నీళ్ళలో కరిగిన ఉప్పులు దాదాపు లేకపోవడం. నీళ్ళలో ఉప్పులు ఎంతున్నాయో చెప్పే కండక్టివిటీ అక్కడ పది మైక్రోసీమెన్స్ చుట్టుపక్కల ఉంటుంది, కుళాయి నీళ్ళలో మామూలుగా వందల్లో ఉంటుంది. మంచినీటి చేప రక్తం చుట్టూ ఉన్న నీళ్ళకంటే ఉప్పగా ఉంటుంది కాబట్టి నీరు ఒంట్లోకి దూరుతూనే ఉంటుంది, చేప దాన్ని మూత్రంగా తోడిపోస్తూ మొప్పలతో ఉప్పుల్ని లోపలికి లాక్కుంటూ ఉంటుంది. ఊపిరి ఉన్నంతకాలం ఆగని పని ఇది. నల్లనీళ్ళ చేపల మొప్పలు ఆ కొద్దిపాటి ఉప్పుల్ని పట్టి ఉంచుకోవడంలో ఆరితేరినవి. ఈ లెక్కలోకి వచ్చేది నీళ్ళలో మొత్తం ఎంత కరిగి ఉందన్నది, అది రోజుకీ రోజుకీ ఎంత మారుతోందన్నది.

అందుకే సీసాల్లో దొరికే "పీహెచ్ డౌన్" మందులంటే నాకు పడదు. ఆ చుక్కలు వేస్తే ఉప్పులు తగ్గవు, ఇంకొంచెం పెరుగుతాయి. నీళ్ళలో కార్బొనేట్లు, అంటే టెస్ట్ కిట్‌లో కేహెచ్ అని కనిపించేవి, బాగా ఉంటే పడిన పీహెచ్ మర్నాటికి మళ్ళీ పైకి లేస్తుంది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ లేవడం. పీహెచ్ 7.5 దగ్గర నిలకడగా ఉన్న ట్యాంకులో హాయిగా ఉండే ఫారం డిస్కస్, రోజూ ఆరుకీ ఏడున్నరకీ మధ్య ఊగే ట్యాంకులో ఉండలేదు. తరాలుగా ఫారంలలో పుట్టి పెరిగిన డిస్కస్, రామ్, ఏంజెల్ పెద్ద చేపలు ఓ మాదిరి గట్టి నీళ్ళలో బతుకుతాయి. మెత్తటి నీళ్ళు, అంటే ఖనిజాలు తక్కువున్నవి, తప్పనిసరి అయ్యేది రెండు సందర్భాల్లో: అడవిలో పట్టిన చేపల్ని తెచ్చినప్పుడు, గుడ్లు పెట్టించాలనుకున్నప్పుడు. గట్టి నీళ్ళలో చాలా నల్లనీళ్ళ జాతుల గుడ్లు సరిగ్గా పొదగబడవు.

అయితే ఆర్.ఓ. నీళ్ళు పోసేస్తే సరిపోతుందిగా అంటారు. ఒట్టి ఆర్.ఓ. నీళ్ళు పోస్తే కేహెచ్ సున్నా అవుతుంది, పీహెచ్‌ని పట్టుకునేది ఏదీ ఉండదు, అది ఎప్పుడు ఎక్కడికి పడుతుందో చెప్పలేం. దాంట్లో కుళాయి నీళ్ళు కొంత కలపాలి, లేదా లెక్క ప్రకారం ఖనిజాలు చేర్చాలి. ఎంత కలిపారన్న దానికంటే ప్రతిసారీ అంతే కలిపారా అన్నది ముఖ్యం.

నల్లనీళ్ళ గురించి ఇంకో మాట, దీన్ని తక్కువమంది పట్టించుకుంటారు. పుల్లటి, పోషకాలు లేని నీళ్ళు బ్యాక్టీరియాకి పనికొచ్చే చోటు కాదు. తరతరాలుగా అలాంటి నీళ్ళకి అలవాటు పడ్డ చేపని మనం 29 డిగ్రీల వేడి ఉన్న, మిగిలిపోయిన మేత, మలం, కుళ్ళే ఆకులు ఉన్న ట్యాంకులో పెడతాం. అక్కడ బ్యాక్టీరియాకి పండగే. అమ్మోనియా సున్నా చూపించినంత మాత్రాన నీళ్ళు శుభ్రమని కాదు, ఫిల్టరులోని బ్యాక్టీరియా అమ్మోనియాని మార్చేస్తున్నాయని మాత్రమే. స్పాంజి పిండితే నల్లటి బురద కారుతోందంటే ఆ బురద మీదుగానే రోజంతా నీళ్ళు తిరుగుతున్నట్టు. సైఫన్ పైపుతో అడుగున పేరుకున్నది లాగేయడం, ఫిల్టరు స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే తరచూ పిండి కడగడం, ఈ రెండు బోరు పనులు ఏ ఖరీదైన మందుకన్నా ఎక్కువ చేపల్ని నిలబెడతాయి.

వేడి

రామ్‌కీ డిస్కస్‌కీ 28 నుంచి 30 డిగ్రీలు కావాలి. రకరకాల చేపల్ని కలిపి పెంచే మామూలు కమ్యూనిటీ ట్యాంకు 24, 25 దగ్గర ఉంటుంది. అందులో రామ్ వెంటనే చచ్చిపోదు, వచ్చిన చిక్కంతా అదే. చచ్చిపోతే కారణం తెలిసేది. అరుగుదల మందగిస్తుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, నెలల తర్వాత ఏదో చిన్న ఇన్ఫెక్షన్‌కి పడిపోతుంది, మనం ఆ ఇన్ఫెక్షన్‌ని తిట్టుకుంటాం. ఎనిమిదో నెల చావుల్లో నేను ముందుగా అనుమానించేది దీన్నే. నియాన్ టెట్రాలు, అడుగున తిరిగే కోరిడోరాస్ చేపల్లో చాలా రకాలు చల్లటి నీళ్ళు కోరుకుంటాయి, రామ్ వేడి కోరుతుంది, మధ్యలో 26 పెట్టి అందరినీ సర్దుకోమంటే ఎవరికీ సరిపడదు. వేడి తట్టుకునే జతగాళ్ళు కావాలంటే కార్డినల్ టెట్రాలు, స్టెర్బాయ్ కోరిడోరాస్ ఉన్నాయి. ట్యాంకు వేడి పెంచడం కుదరదంటే బొలీవియన్ రామ్ తెచ్చుకోండి. రంగు తక్కువే గానీ నిబ్బరమైన చేప, 25 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. అందం మాటకొస్తే, దాని తోక చివరి ఎర్రటి పోగులు చూశాక మనం ఇంతసేపూ మాట్లాడుకున్న నీలం రామ్ మీద మోజు కాస్త తగ్గుతుందని నా నమ్మకం.

ఇది తిరగేసి కూడా జరుగుతుంది. చాలా అపిస్టోలకి 25, 26 చాలు. వాటిని ఏడాది పొడవునా 30లో ఉంచితే త్వరగా పెరిగి త్వరగా ముసలివవుతాయి. వేడితో ఇంకో తమాషా కూడా ఉంది: 1996లో రోమర్, బైసెన్‌హెర్జ్ ప్రచురించిన పరిశోధన ప్రకారం చాలా అపిస్టో జాతుల్లో పిల్లలు ఎదిగే తొలిదశలో నీటి వేడిని బట్టి మగా ఆడా నిష్పత్తి మారుతుంది, వేడి పెరిగితే మగవి ఎక్కువవుతాయి. ఒక విడత పిల్లలన్నీ మగవే వచ్చాయని తల పట్టుకునేవాళ్ళు ముందు థర్మామీటర్ చూసుకోవాలి.

నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి తొమ్మిది మిల్లీగ్రాముల పైన పట్టేది, 30 దగ్గర ఏడున్నరకి దిగుతుంది. అదే సమయంలో చేప ఒంట్లో వేగం పెరిగి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలంటుంది, ఫిల్టరులోని బ్యాక్టీరియాకీ అదే కావాలి. కాబట్టి వేడి ట్యాంకులో నీటి పైభాగం కదులుతూనే ఉండాలి. కరెంటు పోతే డిస్కస్ ట్యాంకులో టెన్షన్ మొదలయ్యేది ముందు ఆక్సిజన్ గురించి, చల్లబడటం గురించి తర్వాత. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి పక్కన ఉండాల్సిందే. హీటరు కూడా ఒక్క పెద్దది కాకుండా రెండు చిన్నవి పెట్టండి. హీటర్లు ఎక్కువగా పాడయ్యేది ఆఫ్ అవకుండా ఇరుక్కుపోయి. పెద్దది అలా ఇరుక్కుంటే తెల్లారేసరికి చేపలు ఉడికిపోతాయి, చిన్నదైతే మీరు గమనించేదాకా టైమ్ ఇస్తుంది.

పాతబడిన ట్యాంకు ఎలా చంపుతుంది

ట్యాంకు పెట్టిన కొత్తలో అందరూ సైక్లింగ్ గురించి, అంటే అమ్మోనియాని మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో కుదురుకోవడం గురించి భయపడతారు, ఆర్నెల్లు దాటాక ఇక స్థిరపడిపోయింది అనుకుంటారు. మెత్తటి నీళ్ళ ట్యాంకులో అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. అమ్మోనియాని నైట్రేటుగా మార్చే పనిలో బ్యాక్టీరియా కేహెచ్‌ని ఖర్చు చేస్తూ పోతాయి. గట్టి నీళ్ళలో నిల్వ బోలెడు కాబట్టి తెలీదు. మెత్తటి నీళ్ళలో ఉన్నదే కొంచెం, అది అయిపోగానే పీహెచ్ జారడం మొదలెడుతుంది: ఏడు, ఆరున్నర, ఆరు, అయిదున్నర. ఆరు కిందకి వచ్చేసరికి ఆ బ్యాక్టీరియా బాగా మందగిస్తాయి, అమ్మోనియా పేరుకోవడం మొదలవుతుంది. చేపలు మాత్రం చలాకీగానే ఉంటాయి, ఎందుకంటే పీహెచ్ తక్కువగా ఉన్నప్పుడు అమ్మోనియా దాదాపు మొత్తం అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది పెద్దగా హాని చేయదు. పీహెచ్ 6 దగ్గర విషపూరితమైన భాగం వెయ్యో వంతు కూడా ఉండదు.

ఇప్పుడు ఆ ట్యాంకు యజమాని కొన్ని వారాలుగా నీళ్ళు మార్చలేదని గుర్తొచ్చి, ఒక ఆదివారం పొద్దున్న సగం నీళ్ళు తీసేసి కుళాయి నీళ్ళు పోస్తాడనుకోండి. పీహెచ్ గంటలో ఎనిమిదికి దగ్గరవుతుంది. 28 డిగ్రీల వేడిలో పీహెచ్ 8 దగ్గర అమ్మోనియాలో ఆరు శాతం పైగా విషరూపంలోకి మారిపోతుంది. నీళ్ళు మార్చి సగం అమ్మోనియా బయటికి పారబోసినా, మిగిలిన సగమే పొద్దుటికంటే పదుల రెట్లు ఎక్కువ విషం అవుతుంది. సాయంత్రానికి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, మొప్పలు ఎర్రబడతాయి. "నీళ్ళు మార్చాను, చేపలు చచ్చిపోయాయి, ఇక ఎక్కువ మార్చకూడదు" అనే పాఠం నేర్చుకుంటారు. నేర్చుకోవాల్సిన దానికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

అలాంటి ట్యాంకు మీ చేతికి వస్తే, రోజుకి పది శాతం చొప్పున, ట్యాంకు నీళ్ళకి దగ్గరగా ఉన్న నీళ్ళతో, రెండు వారాలు తీసుకుని మెల్లగా బాగుచేయాలి, మేత బాగా తగ్గించాలి. అసలు ఆ స్థితి రాకుండా ఉండాలంటే నీళ్ళలో కరిగినది మొత్తం ఎంతో చూపించే ఒక టీడీఎస్ మీటరు చాలు. వారానికోసారి ట్యాంకు నీళ్ళూ, పోయబోయే నీళ్ళూ రెండూ కొలవండి. ఆ రెండు అంకెల మధ్య తేడా వారంవారం పెరుగుతోందంటే మీరు మార్చే నీళ్ళు సరిపోవడం లేదని అర్థం. ఆవిరైన నీటికి బదులు కుళాయి నీళ్ళు నింపుతూ పోతే కూడా ఈ తేడా పెరుగుతుంది, ఎందుకంటే ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పులు ట్యాంకులోనే ఉండిపోతాయి. ఆవిరైనంత మేరకు ఆర్.ఓ. నీళ్ళు నింపడం మంచిది.

ఎంత మార్చాలి అంటే, అపిస్టో ట్యాంకుకి వారానికి పాతిక నుంచి ముప్పై శాతం మంచి మొదలు. ఎదిగే డిస్కస్ పిల్లలకి రోజూ మార్చేవాళ్ళు ఉన్నారు, అది అతి కాదు. వేడి సరిచూసి పోయాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే ఒక రోజు గాలి పట్టిస్తే పోతుంది గానీ కొన్ని చోట్ల వాడే క్లోరమిన్ అలా పోదు, దానికి డీక్లోరినేటర్ వేయాల్సిందే.

మేత

అపిస్టోలు ప్రకృతిలో ఎండుటాకుల కింద దొరికే బుల్లి పురుగుల లార్వాలు, చిన్న చిన్న రొయ్యజాతి జీవాలు తింటాయి. డిస్కస్ అడుగున పేరుకున్న కుళ్ళు పదార్థం, నాచు కూడా బాగా తింటుంది, పూర్తి మాంసాహారి కాదు. అలాంటి చేపకి బీఫ్ హార్ట్ ముద్దలు పెట్టి పెంచే పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. పిల్లలు త్వరగా ఎదుగుతాయి, అబద్ధం కాదు. కాని అమ్మకానికి త్వరగా సైజు రావాలనుకునే ఫారం అవసరం వేరు, పదేళ్ళు ఉండాలనుకునే మీ అవసరం వేరు. జంతువుల కొవ్వు చేపకి సహజమైన మేత కాదు, పైగా ఆ ముద్దల తుక్కు నీళ్ళని ఎంత పాడుచేస్తుందో పెట్టి చూసినవాళ్ళకి తెలుసు. మంచి గింజల మేత, ఫ్రోజెన్ డాఫ్నియా, బ్రైన్ ష్రింప్, అప్పుడప్పుడు బ్లడ్‌వర్మ్, కొంచెం స్పిరులినా. రోజుకి మూడుసార్లు చిటికెడు చొప్పున.

ఇసుక జల్లించి తినే జియోఫేగస్, సటనోపెర్కా సిక్లిడ్ల దగ్గర ఒక్క పావుగంట కూర్చుంటే మేత గురించి సగం అర్థమవుతుంది. చేప తల కిందికి వంచి నోటినిండా ఇసుక తీసుకుంటుంది, దవడలు నమిలినట్టు ఆడతాయి, రెండు మొప్పల్లోంచి ఇసుక సన్నటి ధారల్లా జారిపోతుంది, తినగలిగిన రేణువు ఏదో లోపల ఉండిపోతుంది, అరంగుళం ముందుకు జరిగి మళ్ళీ వంగుతుంది. మేత వేసినా వేయకపోయినా రోజంతా ఇదే పని. ఇలాంటి చేపని కంకర రాళ్ళ ట్యాంకులో పెడితే మొప్పలు గీసుకుపోతాయి, లేదా ఆ పనే మానేస్తుంది. అపిస్టోలు, రామ్‌లు కూడా చిన్న స్థాయిలో ఇదే చేస్తాయి. సన్నటి గుండ్రటి ఇసుక తప్ప ఇంకేదీ వద్దు.

తెల్లటి మలం, ఇంకా కొన్ని రోగాలు

చేప నల్లబడి, మేత ఉమ్మేసి, వెనక తెల్లటి జిగురు దారంలాంటి మలం వేలాడుతుంటే చాలామంది అనుమానించేది స్పైరోన్యూక్లియస్, పాత పేరుతో హెక్సామిటా. ఇది పేగుల్లో ఉండే సూక్ష్మజీవి. చాలా సిక్లిడ్లలో కొద్దిపాటిగా ఉంటూనే ఉంటుంది, చేప దిగాలు పడ్డప్పుడు పెచ్చు మీరుతుంది. మెట్రొనిడజోల్ దీనికి వాడే మందు. చేప ఇంకా తింటున్నప్పుడే మేతలో కలిపి పెడితే నీళ్ళలో పోసినదానికంటే బాగా పనిచేస్తుంది. మందుతో తగ్గి, రెండు నెలలకి మళ్ళీ వచ్చిందంటే చూడాల్సింది ఇంకో డోసు వైపు కాదు, చేపని దిగాలు పరుస్తున్నదేంటో ఆ వైపు.

మలద్వారం దగ్గర ఎర్రటి దారాలు కనిపిస్తే అవి కమలానస్ పురుగులు, వాటికి మెట్రొనిడజోల్ పనిచేయదు, లెవమిసోల్ లాంటి పురుగుల మందు కావాలి. ఒక మొప్ప మూసుకుని రెండోదానితోనే గాలి పీలుస్తుంటే మొప్పల్లో ఫ్లూక్స్ అనే సన్నటి పరాన్నజీవి పురుగులు ఉండొచ్చు, ప్రాజిక్వాంటెల్ వాడతారు. చేపలు ఒక్కొక్కటిగా చిక్కిపోయి వెన్ను వంగిపోతుంటే మైకోబ్యాక్టీరియం అనుమానించాలి. దీనికి నమ్మకమైన వైద్యం లేదు, పైగా మన చేతి మీద గాయం ఉంటే మన చర్మానికీ అంటుతుంది, కాబట్టి గ్లోవ్స్ లేకుండా చెయ్యి పెట్టకండి. ఏదో తెలీకుండా ట్యాంకులో యాంటీబయాటిక్ కుమ్మరించడం మాత్రం అన్నిటికంటే చెడ్డ అలవాటు, రోగం పోయినా పోకపోయినా ఫిల్టరు బ్యాక్టీరియా దెబ్బతినొచ్చు.

క్వారంటైన్ ఆరు వారాలు. విడి ట్యాంకు, విడి వల, విడి స్పాంజి. డిస్కస్ పెంచేవాళ్ళకి బాగా తెలిసిన బాధ ఒకటుంది: రెండు వేరే ఫారంల నుంచి వచ్చిన, రెండూ ఆరోగ్యంగానే ఉన్న చేపల్ని కలిపితే వారంలో రెండు గుంపులూ పడిపోవడం. ఒకదానికి అలవాటైన సూక్ష్మజీవి రెండోదానికి కొత్త కదా. అందుకే క్వారంటైన్ చివర్లో పాత ట్యాంకు నుంచి ఒక్క చేపని కొత్తవాటిలో వదిలి రెండు వారాలు చూస్తారు. ఆ ఒక్క చేపకి అన్యాయమే, కానీ మిగిలిన ట్యాంకంతా నిలుస్తుంది.

పక్కవాడు

ఒక పిల్లల తల్లి అపిస్టోని చూసేదాకా అయిదు సెంటీమీటర్ల చేప ఎంత భయంకరంగా ఉండగలదో తెలీదు. మామూలుగా బూడిద రంగులో కనిపించీ కనిపించకుండా ఉండే ఆడది గుడ్లు పెట్టగానే పసుపుపచ్చగా మారి, నల్లటి మచ్చలు తేలి, తనకంటే బాగా పెద్దదైన మగదాన్ని ట్యాంకు చివరిదాకా తరుముతుంది. నదిలో అయితే మగది రెండు గజాలు పోయి ఇంకో ఆడదాని దగ్గర ఉంటుంది. 45 సెంటీమీటర్ల ట్యాంకులో పోవడానికి చోటేది? హీటరు వెనక నిటారుగా నిలబడి, రెక్కలు చిరిగి, మేత దగ్గరికి రాలేక, పదిరోజులకి పోతుంది. ఇది కూడా "సున్నితమైన జాతి" ఖాతాలోకే పోతుంది! ఒక జతకి కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, ఒక చివర్నుంచి ఇంకో చివర కనపడకుండా దుంగలు, మొక్కలు, ఎండుటాకుల గుట్టలు, ఆడచేపల లెక్కకంటే ఎక్కువ గుహలు పెట్టండి. కోరిడోరాస్‌కి మాత్రం ఎన్ని దెబ్బలు తిన్నా ఇది వేరొకరి ఇలాకా అని బుర్రకెక్కదు, పిల్లలున్న అపిస్టో ట్యాంకులో వాటిని పెట్టకపోవడం వాటికే మంచిది.

డిస్కస్ గుంపు చేప. రెండో మూడో పెడితే ఒకటి రాజ్యం చేస్తుంది, ఒకటి ఆకలితో మాడుతుంది. అయిదారుకి తగ్గకుండా పెడితే ఆ దూకుడు అందరికీ పంచబడుతుంది. దాని పిల్లలు తల్లిదండ్రుల ఒంటి మీది జిగురునే తిని పెరుగుతాయి. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఈ జిగురులోని ప్రొటీన్లు, రోగనిరోధక పదార్థాలు పిల్లల వయసుతో పాటు మారుతున్నాయనీ, మూడు వారాల వయసు వచ్చేసరికి తల్లిదండ్రులు పిల్లల నుంచి తప్పించుకు తిరగడం మొదలెడతాయనీ తేలింది. పిల్లలున్న జత ఉన్నట్టుండి విసుగ్గా కనిపిస్తే కంగారుపడి మందు వేయక్కర్లేదు, వాటికి కాస్త విడిగా ఉండే చోటివ్వండి చాలు.

కొనేటప్పుడు, ముసలివయ్యాక

బొటనవేలి గోరంత రామ్ పిల్ల పెద్దమగదాని రంగులతో వెలిగిపోతుంటే అనుమానించండి. రంగు రావడానికి హార్మోన్లు పెట్టే ఫారంలు ఉన్నాయి, అలాంటివి ఎక్కువకాలం నిలవవు, గుడ్లు కూడా సరిగ్గా పెట్టవు. కొంచెం వెలసినట్టున్నా, పొట్ట నిండుగా, నుదురు గుంటపడకుండా, రెండు మొప్పలూ సమంగా ఆడుతూ, మీ ఎదురుగా మేత తిన్న పిల్ల నయం. ఏ నీళ్ళలో, ఎంత వేడిలో ఉంచారో అడగండి. మొదట మీ ట్యాంకుని ఆ అంకెలకి దగ్గరగా తెచ్చి, చేప కుదురుకున్నాక మెల్లగా మీక్కావాల్సిన చోటికి మార్చుకోవచ్చు.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. రామ్ ఆరు నెలలకే పూర్తిగా ఎదిగిన చేప. షాపులో బాగా పెద్ద, అందమైన మగది కనిపిస్తే దానికి ఏడాది దాటి ఉండొచ్చు, అంటే దాని జీవితంలో సగం అప్పటికే అయిపోయింది. అది మీ దగ్గర ఏడాదే ఉంటే తప్పు మీ నీళ్ళది కాకపోవచ్చు. పిల్లప్పుడు తెచ్చి రెండున్నరేళ్ళు పెంచిన చేప రంగు వెలిసి, కాస్త వెన్ను చిక్కి, మేతకి ఆలస్యంగా వస్తోందంటే అది ముసలితనం, రోగం కాదు. దానికి మందులు వేయకండి, నీళ్ళు మెత్తబరచడం లాంటి ప్రయోగాలూ వద్దు, జోడీ పోయిందని కుర్ర జతని తెచ్చి పక్కన వదలడం అసలే వద్దు, ఆ కుర్రది రెండు రోజుల్లో ముసలిదాన్ని తరిమి చంపుతుంది. ఉన్న వేడినీ ఉన్న నీళ్ళనీ అలాగే ఉంచి, మిగతావి పైన తింటున్నప్పుడు ఒక సన్నటి గొట్టంతో నాలుగు డాఫ్నియా దాని మూతి దగ్గరే వదలండి.